పుచ్చిన కిటికీని పీకేయాల్సిందేనా?

వానాకాలం వస్తే పాతింట్లో కిటికీలకి ఎక్కడలేని మొండితనం వస్తుంది. తెరిచినవి మూతపడవు, మూసినవి తెరుచుకోవు. నాలుగు నెలలు ఎలాగో నెట్టుకొస్తాం. తీరా వానలు తగ్గాక, పండక్కి బూజులు దులిపి, తడిగుడ్డతో కిటికీ అడుగు చెక్కని తుడవబోతే వేలు లోపలికి దిగిపోతుంది! పైన రంగేమో నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల చెక్క మాత్రం టీలో ముంచిన రస్కులా మెత్తగా ఉంటుంది. ఇక ఆ రోజు నుంచీ ఇంట్లో చర్చ మొదలు. ‘ఇంకెన్నాళ్ళీ పాత కిటికీలు... అన్నీ పీకించేసి కొత్తవి పెట్టిద్దాం’ అని పిల్లలు. ‘ఇంత మంచి టేకు మళ్ళీ దొరుకుతుందటరా?’ అని పెద్దవాళ్ళు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే ఆ రెండిటికీ మధ్య ఇంకో దారి కూడా ఉంది. చాలామంది ఆ దారి చూడకుండానే కాంట్రాక్టరుకి అడ్వాన్సు ఇచ్చేస్తారు.

కోనసీమ నుంచి ఓ గృహిణి ఈ శీర్షికకి రాసిన ఉత్తరంలోనూ ఇదే గొడవ. వాళ్ళ మావగారు 1962లో కట్టించిన డాబా ఇల్లు. మొత్తం 14 కిటికీలు. కలప రాజమండ్రిలో దగ్గరుండి కోయించి, కాలవ మీద పడవలో ఊరికి తెచ్చుకున్నారట. మాఘమాసంలో అమ్మాయి పెళ్ళి, ఇంటిముందే పందిరి. కాంట్రాక్టరు వచ్చి, వీధివైపు నిలబడి నాలుగు కిటికీలు చూసి, ‘అన్నీ పుచ్చిపోయాయండీ. మొత్తం తీసేసి యూపీవీసీ పెట్టేద్దాం. పాత చెక్క మేమే పట్టుకుపోతాం, మీకు ఆ శ్రమ కూడా ఉండదు’ అన్నాడు. అబ్బాయి సరేనన్నాడు. అత్తగారు మాత్రం ‘మీ మావగారు ఏరి కోయించిన చెక్క. నేను పోయాక మీ ఇష్టం’ అని ముఖం తిప్పుకున్నారు. ‘పెళ్ళి ఖర్చులు ఒకపక్క, ఇదొకపక్క. పెద్దావిడ మనసు కష్టపెట్టలేను, అబ్బాయి మాట తీసేయలేను. మీరే తేల్చి చెప్పండి’ అని ఆవిడ ప్రశ్న.

నిజానికి ఈ విషయం తేల్చాల్సింది అత్తగారూ కాదు, అబ్బాయీ కాదు, మేమూ కాదు. ఆ చెక్కే! దాన్ని అడిగే పద్ధతి తెలిస్తే చాలు.

వయసు కాదు, నీరు

‘అరవయ్యేళ్ళ చెక్క కదా, పుచ్చక ఏం చేస్తుంది?’ అనుకుంటాం. కానీ కలప వయసువల్ల పుచ్చదు. అదే వయసున్న ఇంట్లో లోపలి దూలాన్ని చూడండి, మండువా లోగిళ్ళలో స్తంభాలని చూడండి. మేకు కొడితే దిగనంత గట్టిగా ఉంటాయి. పక్కనే వానకి తడిసే కిటికీ మాత్రం పిండైపోతుంది. రెండూ ఒకేనాడు కోసిన చెక్కలు. తేడా అల్లా నీరే.

చెక్కని కుళ్ళబెట్టేది ఒకరకం బూజు. శిలీంధ్రం అంటామే, అది. చెక్కలో తేమ సుమారు 20 శాతానికి తక్కువగా ఉన్నంతకాలం దానికి బతుకులేదు. తడిసి, ఆరకుండా రోజుల తరబడి ఉండిపోతేనే అది వేళ్ళూనుకుంటుంది. అంటే తడవడం ఒక్కటే తప్పు కాదు. తడిసింది ఆరకపోవడమే అసలు తప్పు.

ఇంకోటి. చెక్క అంటే సన్నటి గొట్టాల కట్ట. పక్కలనుంచి నీరు నెమ్మదిగా ఎక్కుతుంది. అడ్డంగా కోసిన కొసలనుంచి మాత్రం గబగబా పీల్చేసుకుంటుంది. కిటికీలో నిలువు చెక్కల కొసలు ఎక్కడుంటాయి? అడుగున. జారిన నీరు ఎక్కడ నిలుస్తుంది? అక్కడే. అందుకే పుచ్చు ఎప్పుడూ కింది మూలల్లోనే మొదలవుతుంది. అక్కడ వేలు దిగిందని పైదాకా పోయిందనుకుంటే పొరపాటు. మోకాలి నొప్పికి మనిషినే మార్చేయం కదా!

సుద్దముక్క, స్క్రూడ్రైవరు

పరీక్షకి వడ్రంగి కూడా అక్కర్లేదు. ఇంట్లో ఉండే స్క్రూడ్రైవరు, పిల్లల సుద్దముక్క చాలు. ఎండగా ఉన్న రోజు చూసుకుని ఒక్కో కిటికీ దగ్గరా అయిదారు చోట్ల స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడండి. అడుగు చెక్క, నిలువు చెక్కల కింది కొసలు, రెక్కల కింది మూలలు, బందులు బిగించిన చోట్లు, ఊచలు దిగిన బెజ్జాలు, ఫ్రేము గోడని ఆనుకున్న అంచు... ఇవీ ముఖ్యమైనవి. మంచి చెక్క మొనని ఆపేస్తుంది. పుచ్చిన చెక్క లోపలికి రానిస్తుంది. తర్వాత స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి చెక్క ఠంగుమంటుంది. డొల్లయితే ఆ చప్పుడే వేరు.

చెడగొట్టినవాడు ఎవడో కూడా అప్పుడే తేలిపోతుంది. ముదురు గోధుమరంగుకి తిరిగి, ఘనాలు ఘనాలుగా పగిలి, తేమగా ఉంటే అది పుచ్చు. పైన పొర బాగుండి, లోపల మట్టి పూత, గోడమీద సన్నటి మట్టిదారులు కనిపిస్తే చెదలు. గుండుసూది తలకాయంత బెజ్జాలు, కింద నేలమీద పసుప్పచ్చటి పొడి రాలి ఉంటే పురుగు. మూడింటికీ మందు ఒకటి కాదు. చెదల పుట్ట ఎక్కువగా నేలలో ఉంటుంది. కిటికీకి మందు పూసినంత మాత్రాన అది పోదు. గోడ మొదట్లో, నేలలో మందు పెట్టించాలి. ఆ మందులు విషం కాబట్టి అనుభవం, అనుమతి ఉన్నవాళ్ళతోనే చేయించాలి.

ఇక సుద్దముక్క. ఎక్కడా మొన దిగకపోతే కిటికీమీద ఒక గీత. అంటే రంగు వేస్తే సరిపోతుందని. కింది మూలల్లో దిగి, మిగతాదంతా గట్టిగా ఉంటే రెండు గీతలు. అంటే అతుకు వేయాలి. ఫ్రేము అడుగు చెక్కతోపాటు రెండు నిలువు చెక్కలూ సగందాకా మెత్తబడినా, ఫ్రేమే గోడలో కదులుతున్నా అడ్డంగా కొట్టు గీత. అంటే మార్చాల్సిందే. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వస్తే లెక్క మీ చేతిలో ఉంటుంది.

కోనసీమ పాఠకురాలికి ఇదే రాశాం. పది రోజులకి జవాబొచ్చింది. అబ్బాయే స్వయంగా స్క్రూడ్రైవరు పట్టుకుని తిరిగాడట. 14 కిటికీల్లో 5 ఒంటి గీతవి, 6 రెండు గీతలవి. కొట్టు గీత పడ్డవి మూడే! ఆ మూడూ ఇంటికి ఒకేవైపు, పెరట్లో, డాబామీది నీళ్ళ ట్యాంకు కిందే ఉన్నాయి. మోటారు కట్టడం మరిచిన ప్రతిసారీ ట్యాంకు పొర్లి ఆ గోడంతా తడుస్తుందట. ‘ఇన్నాళ్ళూ చెక్కని తిట్టుకున్నాం, తప్పు ట్యాంకుది’ అని రాశారావిడ.

ముందు నీటిదారి చూడండి

అసలు పాఠం ఇక్కడుంది. నీటిదారి మూయకుండా కిటికీ మారిస్తే, కొత్త చెక్క కూడా అదే దారి పడుతుంది. యూపీవీసీ పెట్టినా దాని చుట్టూ గోడ నాని, లోపల పెచ్చులూడుతుంది. ఖర్చు మీది, నీరు నీటిదే.

నీరు వచ్చే దారులు అన్ని ఇళ్ళల్లోనూ దాదాపు ఒకటే.

కిటికీపైన సన్‌షేడ్ అడుగున, బయటి అంచుకి దగ్గరగా, పొడవునా ఒక చిన్న గాడి ఉండాలి. అది ఉంటే నీటిబొట్టు అక్కడే తెగి కింద పడుతుంది. లేకపోతే సిమెంటు అడుగు పట్టుకుని పాకుతూ వచ్చి కిటికీ నెత్తిన దిగుతుంది. పాత ఇళ్ళల్లో రంగుమీద రంగు, పూతమీద పూత పడి ఈ గాడి పూడిపోయి ఉంటుంది. మేస్త్రీకి ఇది అరపూట పని.

కిటికీ కింది గట్టు బయటికి వాలుగా ఉండాలి. సోకుకోసం తర్వాత వేయించిన టైల్సో, గ్రానైటు పలకో లోపలికి వాలి ఉంటే వానంతా ఫ్రేము మొదట్లోనే నిలుస్తుంది. ఒక చెంబుడు నీళ్ళు పోసి చూడండి. ఎటు పోతాయో మీకే తెలుస్తుంది.

పుచ్చిన అడుగుని కనపడకుండా సిమెంటుతో మెత్తేయడం చాలాచోట్ల చూస్తాం. అది చెక్కకి తడి గుడ్డ చుట్టి కట్టినట్టే. సిమెంటుకీ చెక్కకీ మధ్య సందులోకి దిగిన నీరు మళ్ళీ బయటికి రాదు. ఆ సిమెంటు తీయించి, సందుని సాగే గుణమున్న సీలెంటుతో నింపించడం మేలు.

మిగతావి మనం చేసుకున్నవే. కిటికీకి తగిలించిన ఎయిర్‌కూలరు, ఏసీనుంచి చుక్కచుక్కగా కారే నీళ్ళు, గట్టుమీద వరసగా పెట్టిన పూలకుండీలు, గోడకి అల్లుకున్న మల్లెతీగ, పండక్కి బకెట్టుతో కిటికీలు కడిగేయడం... ఒక్కోటీ చిన్నదే. అన్నీ కలిస్తే చెక్క ఆరే అవకాశమే ఉండదు.

అత్తగారి మాటలో నిజం

‘అంత మంచి టేకు మళ్ళీ రాదు’ అనడం ఒట్టి చాదస్తం కాదు. టేకు చెట్టులో నడిమి భాగాన్ని చేవ అంటారు. బంగారు గోధుమరంగులో ఉంటుంది. అందులో సహజంగా ఉండే నూనెలూ, ఇతర పదార్థాలే చెదల్నీ పుచ్చునీ తట్టుకునేది. బెరడుకి దగ్గరగా ఉండే తెల్లచెక్కకి ఆ శక్తి లేదు. ముదురు చెట్టులో చేవ ఎక్కువ, లేత చెట్టులో తెల్లచెక్క ఎక్కువ. మన తాతలనాటి కిటికీల్లో వాడింది అడవిలో దశాబ్దాల తరబడి పెరిగిన చెట్ల కలప. కోస్తా ఇళ్ళల్లో కొన్నిటికి రంగూన్‌నుంచి ఓడల్లో వచ్చిన బర్మా టేకు కూడా వాడారు. ఇప్పుడు మయన్మార్‌నుంచి దుంగలు రావడం కష్టం. ముడి దుంగల ఎగుమతిని ఆ దేశం 2014 ఏప్రిల్ 1నుంచి నిషేధించింది. నేడు డిపోల్లో కనిపించే టేకులో చాలాభాగం ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల తోటల్లో పెరిగిన చెట్లది. పేరు టేకే. కానీ తక్కువ వయసులోనే నరికే చెట్లు కాబట్టి చేవ పాళ్ళు తక్కువ. అందులోనూ మంచిది ఉంటుంది, అయితే ఏరుకోవాలి. పలకలో లేత పసుపు పట్టీ ఎంత వెడల్పుందో చూసి కొనాలి.

అందుకే కాంట్రాక్టరు ‘పాత చెక్క మేమే పట్టుకుపోతాం’ అన్నప్పుడు కాస్త ఆగాలి. అది చెత్త కాదు. పాత టేకుకి బజారులో మంచి గిరాకీ ఉంది. కింద జానెడు పుచ్చినా పైన మూడడుగులు గట్టి చేవ మిగిలే ఉంటుంది. శ్రమ తగ్గిస్తానంటూ తీసుకెళ్ళేది ఆ మూడడుగులే.

పాత కిటికీని బాగుచేసుకోవాలనే పట్టింపు మనకొక్కళ్ళకే కాదు. ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడి పాత ఇళ్ళల్లో పైకీ కిందికీ జరిపే చెక్క కిటికీలు చూసే ఉంటారు. పక్కన కనపడని పెట్టెలో తాడుకి ఇనప గుండు వేలాడుతూ ఉంటుంది. దాని బరువే కిటికీని ఎత్తిన చోట నిలబెడుతుంది. వాటికీ మన కిటికీలకొచ్చే జబ్బే, అడుగు చెక్కే ముందు పుచ్చుతుంది. రక్షిత జాబితాలో ఉన్న ఇల్లయితే అనుమతి లేకుండా ఆ కిటికీలు మార్చకూడదక్కడ. వారసత్వ కట్టడాల సంగతి చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ కూడా, వీలైనంతవరకు బాగుచేసుకోండి, మార్చడం చివరి మాట అనే చెబుతుంది.

అతుకు ఇలా వేయించండి

రెండు గీతల కిటికీల పనికి కార్తీకం తర్వాత మంచి సమయం. చెక్క పూర్తిగా ఆరి ఉండాలి. తడి చెక్కమీద వేసిన మందూ, రంగూ రెండూ నిలవవు. అన్నట్టు, వానల్లో ఉబ్బిన రెక్కని అప్పుడే చిత్రిక పట్టించకండి. వేసవికి చెక్క ముడుచుకుని వేలెడు సందొస్తుంది. ఆరేదాకా ఆగితే చాలాసార్లు చిత్రికతో పనే ఉండదు.

మొదట మెత్తబడిందంతా ఉలితో తీసేసి, గట్టి చెక్క తగిలాక ఇంకొంచెం లోపలికి కూడా చెక్కించాలి. ఇక్కడ మొహమాటపడితే లోపల మిగిలిన పుచ్చు మళ్ళీ పాకుతుంది. తర్వాత ఆ చోట బోరాక్సు, బోరిక్ ఆసిడ్ కలిపిన నీటిమందు పూయించాలి. పుచ్చునీ, పురుగునీ అది ఆపుతుంది. అయితే వానకి కడుక్కుపోయే గుణముంది కాబట్టి ఆరాక పైన ప్రైమరు, రంగు తప్పనిసరి.

గుంట చిన్నదైతే రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ లప్పం నింపితే చాలు. మామూలు సుద్ద లప్పం లోపలి గోడలకే గానీ వానకి తడిసే చెక్కకి పనికిరాదు. ఏడాది తిరిగేసరికి పగిలి, ఆ పగుల్లోనే నీరు దాస్తుంది. గుంట పెద్దదైతే లప్పంతో సరిపెట్టకూడదు. పుచ్చిన భాగాన్ని ఏటవాలుగా కోసేసి, అదే కొలతకి చేవ ఉన్న టేకుముక్క అతికించాలి. పాత కలప దుకాణంలో విరిగిన ద్వారబంధాల ముక్కలు దొరుకుతాయి. లేదా కొట్టు గీత పడ్డ కిటికీ పైభాగమే మిగతావాటికి ముక్కలిస్తుంది. కొత్త ముక్క నార పాత చెక్క నార ఉన్నవైపే ఉండాలి. అతుకు వాలు నీళ్ళు బయటికి జారేలా ఉండాలి. నీటికి ఊడని జిగురు, ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడమనండి. ఇనప మేకులు తుప్పుపట్టి ఉబ్బి చెక్కని చీలుస్తాయి. ఊచలు దిగిన చోట చెక్క పగిలేదీ అందుకే. ఊచల మొదళ్ళు గీకి రెడ్ ఆక్సైడు వేయించండి.

చివరగా రంగు. రెక్కకి ముందూ వెనకా వేస్తారు, అడుగు అంచు మరిచిపోతారు. నీరు పీల్చేది అదే కదా! రెక్క కింద చిన్న అద్దం పెట్టి చూడండి. పచ్చి చెక్క కనిపిస్తే పని పూర్తికానట్టే. రంగు కాకుండా చెక్కే కనపడాలనుకునేవాళ్ళు అవిసె నూనె పట్టిస్తారు. మంచిదే. కాకపోతే ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. విప్పి ఆరబెట్టాలి, లేదా నీళ్ళల్లో ముంచి ఉంచాలి.

పాత రంగు గీకేటప్పుడు...

ఇది మాత్రం కళ్ళకద్దుకుని గుర్తుపెట్టుకోండి. పాతకాలం ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. మనదేశంలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90కి మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1నుంచి అమల్లోకొచ్చాయి. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంతుందో ఎవరు చెప్పగలరు? కాబట్టి పాత కిటికీని పొడిగా గరుకు కాగితంతో రుద్దించవద్దు, మంటతో కాల్చి గీకించవద్దు. నీళ్ళు చల్లి, తడిమీద గీకించాలి. కింద పాత దుప్పటి కాదు, ప్లాస్టిక్ పట్టా పరిచి, పెచ్చులన్నీ మూటగట్టి పారేయాలి. పసిపిల్లలూ, గర్భిణులూ ఆ గదివైపు రాకూడదు. ఎందుకంటే సీసం దెబ్బ ఎక్కువగా తగిలేది పిల్లల మెదడుకే. పనివాళ్ళకి ముక్కుకి మాస్కు, చేతులు కడుక్కున్నాకే భోజనం. అది మన బాధ్యతే.

అబ్బాయి మాటలోనూ నిజం

కొత్త కిటికీలు అడగడంలో పిల్లల తప్పేమీ లేదు. దోమలు రాకూడదు, రోడ్డు దుమ్మూ హోరూ రాకూడదు, ఏసీ చల్లదనం బయటికి పోకూడదు. పాత కిటికీ ఇవేవీ చూడదు. యూపీవీసీకి చెద పట్టదు, వానకి ఉబ్బదు, రంగు ఖర్చు లేదు. స్నానాల గది, వంటిల్లు, ట్యాంకు కింది గోడ... ఇలాంటి చోట్ల అదే నయం. చెక్క రెక్కలే కావాలనుకుంటే గ్రానైటు లేదా సిమెంటు ఫ్రేము పెట్టించి, రెక్కలు మాత్రం టేకువి వేయించే పద్ధతీ ఉంది. మామిడి, లేత వేపలాంటి చెక్కతో చేసిన పాత ఫ్రేములైతే అతుకులమీద డబ్బు పోయడం దండగ, మార్చేయండి.

అయితే జరిపే కిటికీ కొనేముందు ఒక లెక్క చూసుకోండి. రెండు పట్టాల మీద జరిగే కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే. పాత రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. తేమతో కూడిన వేడి ఉన్న ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరో వంతైనా గాలి వచ్చే కిటికీలుండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. ఉన్న కిటికీని సగం చేసుకుంటే కరెంటు పోయిన వేసవి రాత్రి ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. యూపీవీసీలోనూ రెక్కల్లా తెరుచుకునే రకం ఉంది, అడగండి. లోపల ఉక్కు పట్టీ ఉందో లేదో కూడా అడగండి. సముద్రానికి దగ్గర ఊళ్ళవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తపడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో ఎన్ని కిటికీల అద్దాలు పగలగొట్టిందో అక్కడివాళ్ళకి ఇంకా గుర్తే. గట్టి చెక్క రెక్క అలాంటి రాత్రి ఒక అండ.

దోమలకోసమే అయితే మొత్తం కిటికీ మార్చక్కర్లేదు. లోపలివైపు సన్నటి చట్రానికి మెష్ బిగించి, తీసి కడుక్కునేలా పెట్టించుకోవచ్చు. రెక్కల అంచుకి రబ్బరు పట్టీ అంటిస్తే దుమ్మూ, చప్పుడూ బాగా తగ్గుతాయి.

లెక్క కాగితం మీద

మాట నోటితో మాట్లాడుకుంటే తగాదా, కాగితం మీద పెడితే లెక్క. కాంట్రాక్టరుని ‘ఇల్లు మొత్తానికి ఎంత?’ అని అడక్కండి. ‘ఒక్కో కిటికీకి ఎంత?’ అని విడివిడిగా రాయించండి. తీసే కూలి, గోడ మళ్ళీ పూసే ఖర్చు, రంగు, మెష్... అన్నీ అందులో ఉన్నాయా చూడండి. పాత చెక్కకి ఎంత తగ్గిస్తాడో అదీ రాయించండి. అవతల వడ్రంగితో అతుకుల పని గుత్తకి కాకుండా రోజు కూలికి మాట్లాడుకుంటే మేలు. గుత్తకైతే పుచ్చు పూర్తిగా తీయకుండా లప్పంతో కప్పేసే ఆశ ఉంటుంది. ముందు ఒక్క కిటికీ చేయించి, ఎన్ని రోజులు పట్టిందో, ఎంతయిందో చూసుకుని మిగతావి ఒప్పుకోండి. చిత్రిక, ఉలి పట్టి అతుకులు వేసే పాతకాలపు వడ్రంగులు మీ ఊళ్ళో ఇంకా ఉంటే వాళ్ళని వెతకండి. వాళ్ళ చేతి పని మీ ఇంటి కిటికీతోపాటు నిలబడుతుంది.

ఈ పద్ధతిలో కోనసీమ ఇంట్లో లెక్క సులువుగానే తేలింది. ట్యాంకుకి పొర్లిన నీళ్ళు పోయే గొట్టం బిగించాక, పెరటివైపు మూడు కిటికీలకి యూపీవీసీ. వాటినుంచి తీసిన గట్టి చెక్కే మిగతా ఆరింటికి అతుకులైంది. ఇంట్లో ఇద్దరి మాటా నిలబడింది, మిగిలిన డబ్బు పెళ్ళిలో కలిసింది.

ఏడాదికి రెండు పూటలు

బాగుచేయించిన కిటికీ మళ్ళీ పుచ్చకుండా ఉండాలంటే ఏడాదికి రెండు పూటలు కేటాయించండి. రోహిణికార్తె ఎండల్లో, మృగశిర రాకముందే ఒకసారి. సన్‌షేడ్ గాడి తెరిచి ఉందా, గట్టు వాలు బాగుందా, రంగు ఎక్కడైనా పగిలిందా అని చూసి, పగిలిన చోట బ్రష్షుతో రెండు పూతలు వేసేయండి. వానలు వెళ్ళాక కార్తీకంలో రెండోసారి. స్క్రూడ్రైవరుతో కింది మూలలు నొక్కి చూడండి, బందులకి రెండు చుక్కల నూనె వేయండి, పూలకుండీలు గట్టుమీంచి దించేయండి. మబ్బు పట్టని రోజల్లా కాసేపు రెక్కలన్నీ బార్లా తెరిచి ఉంచండి. చెక్కకి గాలి తగలాలి, ఇంటికీ తగలాలి.

ఈ ఆదివారం ఎండ బాగానే ఉంటే సుద్దముక్క తీసుకుని ఒకసారి ఇంటిచుట్టూ తిరిగి రండి. అడ్వాన్సు సంగతి ఆ తర్వాత.